కూల్చిన కాంక్రీటును కంకర చేస్తే సర్క్యులర్ అయిపోయినట్టేనా?

గీతలు (ఆర్కిటెక్ట్):
అందరికీ నమస్కారం. కొంతకాలంగా నన్ను తొలుస్తున్న విషయం ఒకటి ఇక్కడ పెడుతున్నాను. పాత ఆఫీసు భవనాన్ని పడగొట్టి కొత్తది కట్టే ప్రాజెక్టులో డిజైన్ పని మాది. క్లయింటుకు వెళ్లిన రిపోర్టులో "కూల్చివేత వ్యర్థాల్లో 90 శాతానికి పైగా రీసైకిల్ చేస్తాం కాబట్టి ఇది సర్క్యులర్ ప్రాజెక్టు" అని రాశారు. సర్క్యులర్ అంటే సరుకు వ్యర్థంగా పోకుండా మళ్లీ మళ్లీ వాడకంలో తిరుగుతూ ఉండటం. వివరాల్లోకి వెళ్తే ఆ 90 శాతంలో ఎక్కువ భాగం కాంక్రీటును పగలగొట్టి గోతులు పూడ్చడానికో, రోడ్డు కింద పరవడానికో పంపడమే.

అది అబద్ధమని అనలేను. యూరోపియన్ యూనియన్ 2008 నాటి వ్యర్థాల చట్టంలో, 2020 కల్లా నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల్లో 70 శాతాన్ని తిరిగి వినియోగంలోకి తేవాలని లక్ష్యం పెట్టినప్పుడు గోతులు పూడ్చడాన్ని కూడా ఆ లెక్కలోనే కలిపారు. కానీ ఇన్నేళ్లూ అంతస్తుల బరువు మోసిన బీము చివరికి మట్టికి బదులు గోతిలో పడటాన్నీ, అదే బీము ఇంకో భవనంలో మళ్లీ బీముగా నిలబడటాన్నీ ఒకే అంకెలో ఎలా చూపిస్తాం? ల్యాబుల్లో, సైట్ల మీద, లెక్కల్లో పనిచేసేవాళ్లు ఇక్కడ ఉన్నారు. మీరేమంటారు?

స్లంప్‌కోన్ (కాంక్రీట్ ల్యాబ్):
నా రోజువారీ పని కంకరతోనే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

క్రషర్‌లోంచి వచ్చిన కాంక్రీటు ముక్కను చేతిలోకి తీసుకుని చూడండి. లోపల అసలు రాయి ఉంటుంది. దాని చుట్టూ పాత సిమెంటు మోర్టారు పొర, బూడిదరంగులో, గరుగ్గా. గోటితో గీరితే కాస్త పొడి రాలుతుంది. ఆ పొర నిండా సన్నటి రంధ్రాలే. కొత్త కంకర మామూలుగా తన బరువులో ఒక శాతం అటూ ఇటూగా నీళ్లు పీలిస్తే ఇది 3 నుంచి 10 శాతం దాకా పీలుస్తుంది. పొడిగా ఉన్నదాన్ని నేరుగా మిక్సర్‌లో వేస్తే, ప్లాంటు దగ్గర చక్కగా ఉన్న స్లంప్ (తడి కాంక్రీటు జారుడుతనం) సైటుకు చేరేసరికి పడిపోతుంది. సైట్లో ఎవరో పైపు పట్టుకుని నీళ్లు కొడతారు. క్యూబ్ రిజల్ట్, అంటే గట్టిపడ్డ దిమ్మెను నొక్కి చూసే బలం అంకె, తగ్గుతుంది. నింద కంకర మీద పడుతుంది. ముందురోజే బాగా తడిపి, పైతడి ఆరాక వాడితే ఈ గొడవ చాలావరకు ఉండదు.

కోడ్లు కూడా ఒప్పుకున్నాయి. ఉదాహరణకు భారతీయ ప్రమాణం ఐఎస్ 383 తన 2016 సవరణలో ఇలాంటి కంకరను ఇనుము లేని ప్లెయిన్ కాంక్రీటులో 25 శాతం, ఎం25 బలం గ్రేడు దాకా ఇనుప కడ్డీలున్న ఆర్‌సీసీలో 20 శాతం, ఎం15 కన్నా తక్కువ గ్రేడు లీన్ కాంక్రీటులో 100 శాతం వరకు వాడుకోనిచ్చింది.

ఇంతవరకు బాగానే ఉంది. కంకరను ఆదా చేస్తే కొండలూ నదులూ మిగులుతాయి. ప్రపంచం ఏటా తవ్వితీసే ఇసుక, కంకర దాదాపు 5,000 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2022లో చెప్పింది. అది చిన్న సంగతేమీ కాదు. కానీ కాంక్రీటులో కార్బన్ భారం కంకరది కాదు, ముప్పాతికకు మించి సిమెంటుదే. సున్నపురాయిని కాల్చి క్లింకర్ (సిమెంటుకు మూల పదార్థం) చేసేటప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది. సిమెంటు ఉద్గారాల్లో సుమారు 60 శాతం ఈ రసాయన చర్య వల్లే. కిల్న్‌లో, అంటే సిమెంటు బట్టీలో, బొగ్గు మానేసినా అది ఆగదు. పాత కాంక్రీటును పగలగొట్టినప్పుడు రాయి వెనక్కి వస్తుంది, సిమెంటు చేసిన పని మొత్తం పోతుంది. పైగా రీసైకిల్డ్ కంకరతో తగ్గిన బలాన్ని పూడ్చుకోవడానికి మిక్స్‌లో సిమెంటు పెంచేశారంటే కార్బన్ లెక్కలో ఎదురు నష్టం. మిక్స్ డిజైన్ రిపోర్టుల్లో నేను ముందు చూసే గడి అదే: రీసైకిల్డ్ శాతం పక్కన సిమెంటు కిలోలు ఎన్ని ఉన్నాయి?

కాబట్టి, కంకర చేయడం డంపుయార్డులో పోయడం కంటే ఎంతో మేలు. కూల్చకుండా ఉంచడం, విప్పి మళ్లీ వాడటం లాంటి పైమెట్లు ఎక్కలేనప్పుడు మిగిలే మెట్టు అది.

కొలబద్ద (ఎల్‌సీఏ, అంటే జీవితకాలమంతటి పర్యావరణ భారం లెక్కలు):
జపాన్ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 2000లో నిర్మాణ సామగ్రి రీసైక్లింగ్ చట్టం తెచ్చారు. కాంక్రీటు రీసైక్లింగ్ 95 శాతం దాటింది. వెళ్లేది ఎక్కువగా రోడ్ల కిందికే. కొత్త రోడ్లు వేయడం తగ్గిన రోజున ఆ కంకర అంతా ఎక్కడికి పోవాలన్నది అక్కడి ఇంజినీర్లు చాలాకాలంగా మాట్లాడుకుంటున్న సమస్య. శాతం ఒక్కటే చూస్తే ఇది కనపడదు.

పాతఇనుము (కూల్చివేత కాంట్రాక్టరు):
"ఎందుకు ముక్కలు చేశారు" అని చివర్లో మమ్మల్నే అడుగుతారు. మా వైపు నుంచి చెప్తాను.

అనుమతులు లేటవుతాయి, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేయడం లేటవుతుంది, డ్రాయింగులు లేటవుతాయి. పునాది తవ్వే తేదీ మాత్రం మారదు. మధ్యలో జరిగిన ఆలస్యమంతా మా రోజుల్లోంచే కోస్తారు. విప్పి తీయడానికి పట్టే టైములో సగం కూడా ఇవ్వకుండా సైటు అప్పజెబితే ఏ కాంట్రాక్టరైనా పెద్ద మెషీనే దించుతాడు. రాగి వైర్లు, అల్యూమినియం, ఇనుము, మంచి తలుపులు, వీటి గురించి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాటికి కొనేవాళ్లున్నారు కాబట్టి ఎప్పుడూ తీస్తూనే ఉన్నాం. కొనేవాడు లేని సరుకే గుట్టలోకి పోతుంది.

ఆ గుట్ట కూడా ఊరికే పాడవుతుంది. జిప్సమ్ బోర్డు ముందే విప్పకుండా మెషీన్ పెట్టారనుకోండి, కాంక్రీటు మొత్తం తెల్లపొడితో కలిసిపోతుంది. ఆ సల్ఫేటు కొత్త కాంక్రీటుకు చేటు. జిప్సమ్‌కూ చేటే, శుభ్రంగా విడిగా తీస్తే అదే జిప్సమ్‌తో మళ్లీ బోర్డు చేయొచ్చు. తడి చెత్తతో కలిపి పూడ్చితే కుళ్లిన గుడ్డు వాసనేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, అది విషవాయువు. ఆస్బెస్టాస్ రేకు ఒక్కటి క్రషర్‌లో పడితే ఇక ఆ గుట్టనంతా వదులుకోవాల్సిందే.

ఇటుకల సంగతి మరీ చెప్పాలి. పాత సున్నపు గోడ అయితే తాపీ వెనకవైపుతో రెండు దెబ్బలు వేస్తే సున్నం పెళ్లలుగా రాలిపోతుంది, ఇటుక నిక్షేపంగా చేతికొస్తుంది. దాన్ని మళ్లీ కట్టుకోవచ్చు. సిమెంటు మోర్టారుతో కట్టిన గోడలో మోర్టారు ఇటుక కంటే గట్టిది. సుత్తి వేస్తే విరిగేది ఇటుకే. రెండు గోడల్లోనూ ఇటుక ఒకటే. తేడా అంతా మధ్యలో పెట్టినదానిలో ఉంది.

గీతలు:
పాతఇనుము గారూ, కోపెన్‌హాగన్‌లో 2019లో పూర్తయిన రిసోర్స్ రోస్ ఇళ్లకు సరిగ్గా ఇదే సమస్య వచ్చింది. పాత కార్ల్స్‌బర్గ్ బీరు కర్మాగారం గోడలు సిమెంటు మోర్టారువి, ఇటుకలు విడదీయలేరు. లెండేగర్ ఆర్కిటెక్టులు గోడనే చదరపు పలకలుగా రంపంతో కోయించి, వెనక బలం ఇచ్చి, కొత్త ఇళ్ల ముఖభాగానికి అతుకులు వేసినట్టుగా బిగించారు. రకరకాల రంగుల పలకలు పక్కపక్కన కనిపిస్తాయి. చూడ్డానికి నాకు చాలా ఇష్టం. అయితే దాని వెనక ఎంత కోత, ఎంత మోత ఉందో తలుచుకుంటే, సున్నంతో కట్టి ఉంటే ఇదంతా అవసరమయ్యేదా అనిపిస్తుంది.

నిట్టాడు (స్ట్రక్చరల్ ఇంజినీరు):
ఇటుక గురించి పాతఇనుము గారు చెప్పింది మొత్తం భవనానికీ వర్తిస్తుంది. విడదీయగలమా లేదా అన్నది కీలు దగ్గర తేలుతుంది. 

స్టీలు తీసుకోండి. బ్లాస్ట్ ఫర్నేసులో ఒక టన్ను స్టీలుకు సుమారు 2.3 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, తుక్కు కరిగించే ఎలక్ట్రిక్ ఫర్నేసులో 0.7 టన్నుల దాకా. అందుకే "మాది రీసైకిల్డ్ స్టీలు" అని అందరూ గొప్పగా రాసుకుంటారు. కానీ ప్రపంచంలో దొరికే తుక్కు అంతా ఎలాగూ కరిగిపోతూనే ఉంది. నేను ఎక్కువ కొంటే ఇంకొకరికి అంతమేర తగ్గుతుంది. అదే ఐ సెక్షన్ బీమును కరిగించకుండా విప్పి, పరీక్షించి, కొత్త ఫ్రేములో పెడితే అసలు ఫర్నేసు అవసరమే లేదు. బ్రిటన్‌లో స్టీల్ కన్‌స్ట్రక్షన్ ఇన్‌స్టిట్యూట్ 2019లో ఇందుకోసం ఒక పద్ధతి ఇచ్చింది. ఒకే భవనంలో, ఒకే సైజులో, ఒకే పని చేసిన బీములను ఒక గుంపుగా కట్టి, ప్రతిదానికీ గట్టిదనం పరీక్ష, గుంపుకు కొన్ని చొప్పున ముక్క కోసి లాగే పరీక్ష. 1970కి ముందు భవనాల స్టీలును ఆ పద్ధతి పరిధిలోకి తీసుకోలేదు.

ఇక కీలు. బోల్టు కీలయితే స్పానర్‌తో వస్తుంది. వెల్డింగు చేస్తే గ్యాస్ కటింగ్, ఆ చివరలు పోతాయి, పొడవు తగ్గుతుంది. బీము పైన స్టడ్లు (పొట్టి ఇనుప మేకుల్లాంటివి) వెల్డ్ చేసి కాంక్రీటు పోసిన కాంపోజిట్ శ్లాబు అయితే విడదీయడం నరకం. మరి ఆ కాంపోజిట్ పద్ధతే స్టీలును ఆదా చేస్తుంది! ఈ చిక్కుముడికి నా దగ్గర సులభమైన జవాబు లేదు.

కాంక్రీటును ముక్కలు చేయకుండా వాడలేమా అంటే, వాడినవాళ్లున్నారు. స్విట్జర్లాండ్‌లో ఈపీఎఫ్‌ఎల్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ఒక భవనం గోడల్లోంచి కోసిన 25 కాంక్రీటు దిమ్మెలను కమానుగా పేర్చి, కేబుళ్లతో బిగించి 10 మీటర్ల కాలిబాట వంతెన కట్టారు. ఓస్లోలో క్రిస్టియన్ అగస్ట్స్ గేట్ 13 అనే ఆఫీసు భవనంలో ప్రభుత్వ కార్యాలయం నుంచి తీసిన హాలోకోర్ (లోపల బోలుగా ఉండే రెడీమేడ్) శ్లాబులను మళ్లీ వాడారు. సిమెంటు చేసిన పని ఇక్కడ పోలేదు, స్లంప్‌కోన్ గారు చెప్పిన నష్టం లేదు.

మరి ఎందుకు అందరూ చేయడం లేదంటే, నా అనుభవంలో అడ్డు టెక్నాలజీ దగ్గర రాదు. సంతకం దగ్గర వస్తుంది. కొత్త బీముకు తయారుచేసిన మిల్లు ఇచ్చే నాణ్యత సర్టిఫికెట్ ఉంటుంది. పాత బీముకు నేను సంతకం పెడితే ఆ బాధ్యత అంతా నాది. నా ఇన్సూరెన్స్ కంపెనీ ఒప్పుకోవాలి, తనిఖీ అధికారి ఒప్పుకోవాలి, క్లయింటు పరీక్షల ఖర్చు ఒప్పుకోవాలి. ఈ ముగ్గురినీ డిజైన్ మొదట్లోనే ఒకచోట కూర్చోబెట్టకపోతే మంచి ఉద్దేశాలు అక్కడే ఆగిపోతాయి.

ఎంటెక్_విద్యార్థి:
అందరి పోస్టులూ చదువుతూ నోట్స్ రాసుకుంటున్నాను. ఒక సందేహం. మెటీరియల్ పాస్‌పోర్ట్ (భవనంలో ఏ సరుకు ఎక్కడ ఉందో చెప్పే రికార్డు) ఉంటే ఈ సర్టిఫికెట్ సమస్య తీరదా? నెదర్లాండ్స్‌లో 2017లో మొదలైన మడాస్టర్ అనే ఆన్‌లైన్ రిజిస్టరులో భవనంలోని ప్రతి వస్తువునూ నమోదు చేస్తున్నారు కదా. 2019లో పూర్తయిన ట్రియోడోస్ బ్యాంకు కార్యాలయం దాదాపు మొత్తం కలపది, 1,65,000కు పైగా స్క్రూలతో విప్పుకునేలా బిగించారని చదివాను. ప్రతి కొత్త భవనానికీ ఇది తప్పనిసరి చేస్తే సరిపోతుంది కదా సార్?

రసమట్టం (భవన నిర్వహణ):
భవనం అప్పజెప్పిన రోజు నుంచి నా డ్యూటీ మొదలవుతుంది కాబట్టి నేను చెప్తాను. ఆ ఆలోచన మంచిది, తప్పకుండా రావాలి. కానీ అప్పజెప్పిన రోజున పాస్‌పోర్టులో ఉన్న భవనం, పదేళ్ల తర్వాత నిలబడి ఉన్న భవనం ఒకటి కావు. అద్దెకొచ్చిన ప్రతివాళ్లూ ఫాల్స్ సీలింగ్ మారుస్తారు, పార్టిషన్లు తీసి వేరేచోట పెడతారు, ఏసీ డక్టులు తిప్పుతారు, కార్పెట్‌ను జిగురుతో అంటించేస్తారు. వాటిని ఎవరూ నమోదు చేయరు, ఎందుకంటే చేయమని ఏ కాగితమూ అడగదు. కాలమ్స్, బీములు మాత్రం కదలవు కాబట్టి వాటి వివరాలు చాలాకాలం నమ్మకంగా ఉంటాయి.

ఇంకో దిగులు కూడా ఉంది. భవనం అరవై ఏళ్లు ఉంటుంది. ఈ సాఫ్ట్‌వేర్, ఈ సర్వర్, ఈ ఫైల్ ఫార్మాట్ అరవై ఏళ్లు ఉంటాయా? నా భవనాల్లో ఇప్పుడు తెరుచుకోని సీడీలున్నాయి. అదే గదిలో ఇనుప బీరువాలో ఉన్న పాత కాగితం డ్రాయింగులు మాత్రం శుభ్రంగా చదవొచ్చు. కాబట్టి స్టీలు గ్రేడును బీము మీదే ముద్ర కొట్టండి. కిటికీ ఫ్రేములో గాజు వివరం చెక్కండి. డేటాబేస్ దానికి తోడుగా ఉండనివ్వండి.

నిట్టాడు:
రసమట్టం గారి మాటకు నా ఓటు. బీము మీద గ్రేడు ముద్ర ఉంటే పరీక్షల పని సగం తేలికవుతుంది.

కొలబద్ద:
ఇక్కడ నేను కొంచెం గొంతు పెంచాల్సి వస్తోంది, ఎవరూ ఏమీ అనుకోకండి.

"విప్పుకునేలా కట్టాం, 60 ఏళ్ల తర్వాత ఇదంతా తిరిగి వాడతారు, కాబట్టి మా భవనం కార్బన్ ఇప్పుడే తక్కువ" అని రిపోర్టులు వస్తున్నాయి. ఇది ఒప్పుకోకూడదు. భవనాల లెక్కకు వాడే యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 15978లో ముడిసరుకు నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా, సైటు పని, వాడకం, కూల్చివేత, ఇవన్నీ వరుసగా ఏ, బీ, సీ దశలు. భవనం అయిపోయాక దక్కే లాభాన్ని డీ అనే విడి గడిలో చూపించాలి. విడిగా పెట్టింది ఊరికే కాదు. సిమెంటు కిల్న్‌లోంచి ఈ సంవత్సరం వెళ్లిన కార్బన్ ఈ సంవత్సరమే గాలిలో చేరుతుంది. 60 ఏళ్ల తర్వాత దాన్ని వాడతారో లేదో తెలియని లాభాన్ని ఇప్పటి అప్పులోంచి తీసేస్తే లెక్కకే అర్థం ఉండదు. నిట్టాడు గారూ, విప్పుకునే కీళ్ల కోసం మీరు ఇవాళ ఎక్కువ స్టీలు వాడుతుంటే, ఆ బరువు ఇవాళ్టిదే.

చట్టాలు కూడా నెమ్మదిగా ఈ దారికే వస్తున్నాయి. డెన్మార్క్ 2023 నుంచి 1,000 చదరపు మీటర్లు దాటిన కొత్త భవనాలకు చదరపు మీటరుకు ఏడాదికి 12 కిలోల కార్బన్ డయాక్సైడ్ పరిమితి పెట్టింది, 50 ఏళ్ల లెక్కన. 2025లో దాన్ని ఇంకా బిగించి చిన్న భవనాలకూ విస్తరించింది. అలాంటి పరిమితి ఉన్నచోట పాత ఇటుక, పాత స్టీలు వాడినవాళ్లకు లాభం ఇప్పుడే, మొదటిదైన "ఏ" దశలోనే కనిపిస్తుంది. భవిష్యత్తు మీద వాగ్దానాలు చేయాల్సిన పని లేదు.

నిట్టాడు:
కొలబద్ద గారూ, లెక్క విషయంలో మీతో గొడవ లేదు. కానీ డీ గడి విడిగా ఉంది కదా అని ఎవరూ దాని గురించి ఆలోచించకపోతే, 60 ఏళ్ల తర్వాత పాతఇనుము గారి లాంటివాళ్ల చేతిలో మళ్లీ ఈ గుట్టే ఉంటుంది. ఇప్పుడు మనం తిట్టుకుంటున్న సిమెంటు మోర్టారు గోడలు కట్టినవాళ్లు కూడా అప్పటి లెక్క సరిగ్గానే వేసుకున్నారు.

మధ్యే మార్గం ఒకటి ఉంది. విప్పుకునే కీళ్లు భవనమంతా ఒకేలా పెట్టక్కర్లేదు. తొందరగా మారేచోట ముందు పెట్టండి. రసమట్టం గారు చెప్పిన పార్టిషన్లు, సీలింగు, డక్టులు, ముఖభాగం ప్యానెళ్లు కొన్నేళ్లకోసారి మారతాయి. అక్కడ జిగురు మానేసి క్లిప్పులు, స్క్రూలు పెడితే లాభం చూడ్డానికి 60 ఏళ్లు ఆగక్కర్లేదు. అద్దెదారు మారిన రోజునే కనపడుతుంది. పైపులు, వైర్లు కాంక్రీటులో పూడ్చేయకుండా విడిగా పోనిస్తే పైపు పాడైనప్పుడు శ్లాబు కొట్టక్కర్లేదు. 2020లో వచ్చిన ఐఎస్‌ఓ 20887 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పేది చాలావరకు ఇదే, ఒక పొరను తీయడానికి పక్క పొరను పగలగొట్టే అవసరం రాకూడదని. స్ట్రక్చర్‌కు మాత్రం నేను మొదట కోరేది ఎక్కువ కాలం నిలవడం, అంతస్తు ఎత్తు ఉదారంగా ఉండటం. ఎత్తు ఉంటే ఆఫీసు రేపు ఇల్లవుతుంది, స్కూలవుతుంది. ఎత్తు తక్కువైన భవనాన్ని ఎవరూ కాపాడలేరు.

కొలబద్ద:
పొరల సంగతి పూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఆఫీసు భవనాల్లో ఇంటీరియర్ మళ్లీ మళ్లీ మార్చడం వల్ల పోగయ్యే కార్బన్‌ను చాలా రిపోర్టులు అసలు పట్టించుకోవు.

ఎంటెక్_విద్యార్థి:
కలప గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు?

పాతఇనుము:
కలపకు గిరాకీ ఎప్పుడూ ఉంది. పాత దూలాల్లో దాగిన మేకులను మెటల్ డిటెక్టర్‌తో వెతికి తీయాలి, లేకపోతే రంపం పళ్లు పోతాయి. పొడవైనవి దూలాలుగానే వాడాలి, తర్వాత పలకలు, చివరికి పార్టికల్ బోర్డు. మొదటి రోజే చిప్పర్‌లో వేయకూడదు. ఆకుపచ్చ ఛాయ ఉన్న పాత కలపలో ఆర్సెనిక్, క్రోమియం ఉండొచ్చు, దాన్ని పొయ్యిలో అస్సలు పెట్టకండి. అమెరికాలో పోర్ట్‌లాండ్ నగరం 2016లో, 1916 దాకా కట్టిన ఇళ్లను మెషీన్‌తో కూల్చకుండా చేత్తో విప్పాలని రూలు పెట్టింది. 2020లో దాన్ని 1940 దాకా పెంచింది. కలప ఇళ్లు కాబట్టి కుదిరింది. రూలు వచ్చాక విప్పే పని నేర్చిన మనుషులు, కొనే డిపోలు తయారయ్యారు. అందుకే నాకు ఆ రూలంటే గౌరవం.

స్లంప్‌కోన్:
సిమెంటు గురించి ఒక మాట, ఎందుకంటే ఎంత విప్పినా కొత్త కాంక్రీటు పోయక తప్పని చోట్లు చాలా ఉంటాయి. స్లాగ్ (బ్లాస్ట్ ఫర్నేసు చిట్టెం), ఫ్లైయాష్ (బొగ్గు ప్లాంటు బూడిద) కలిపితే క్లింకర్ తగ్గుతుంది, నిజమే. కానీ బ్లాస్ట్ ఫర్నేసులు, బొగ్గు ప్లాంట్లు తగ్గేకొద్దీ అవీ తగ్గుతాయి. అందుకే ఎల్‌సీ3 అనే సిమెంటు మీద నాకు ఎక్కువ ఆశ ఉంది. స్విట్జర్లాండ్ ఈపీఎఫ్‌ఎల్‌లో కరెన్ స్క్రివెనర్ బృందం, క్యూబా, భారత్ పరిశోధకులు కలిసి తయారుచేసింది. క్లింకర్ సగం, కాల్చిన బంకమట్టి 30 శాతం, సున్నపురాయి పొడి 15 శాతం, జిప్సమ్ 5 శాతం. మట్టిని 800 డిగ్రీల చుట్టుపక్కల కాలిస్తే చాలు, క్లింకర్‌కు 1450 కావాలి. కార్బన్ 30 నుంచి 40 శాతం తగ్గుతుంది.

ఈ చర్చకు ఇంకా దగ్గరిది కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2024లో ప్రచురించిన పని. తుక్కు స్టీలు కరిగించే ఎలక్ట్రిక్ ఫర్నేసులో మలినాలు తేల్చడానికి సున్నం వేస్తారు. దాని బదులు పాత కాంక్రీటులోంచి వేరుచేసిన సిమెంటు పొడి వేశారు. పైకి తేలిన స్లాగును చల్లారిస్తే మళ్లీ క్లింకర్ అయింది. మనం క్రషర్ దగ్గర పనికిరాదని పక్కకు నెట్టే సన్నపొడికి విలువ రావడం ఇదే. దాన్ని శుభ్రంగా వేరుచేయగలగాలి, అంటే మళ్లీ పాతఇనుము గారి గుట్ట ఎంత శుభ్రంగా ఉందన్న దగ్గరికే వస్తాం.

గీతలు:
అందరికీ చాలా థాంక్స్. ఇదంతా చదివాక నేను క్లయింటును అసలు కూల్చాలా అని అడిగాను. లకటాన్, వస్సాల్ అనే ఆర్కిటెక్టులు ఫ్రాన్స్‌లోని బోర్డోలో చేసిన గ్రాన్ పార్క్ ఫొటోలు చూపించాను. 530 ఫ్లాట్లున్న పాత బ్లాకులు. కూల్చకుండా, ఉన్నవాళ్లను ఖాళీ చేయించకుండా బయటివైపు కొత్త ఫ్రేము నిలబెట్టి ప్రతి ఇంటికీ వెడల్పాటి బాల్కనీ గది చేర్చారు. ఆ ఇద్దరికీ 2021లో ప్రిట్జ్‌కర్ ఆర్కిటెక్చర్ బహుమతి వచ్చింది. అలాగే స్విట్జర్లాండ్‌లో వింటర్‌థూర్‌లోని కె.118 భవనం. పాత హాలును ఉంచి, దాని మీద మూడంతస్తులు ఎక్కువగా పాత సరుకుతో లేపారు. బాసెల్‌లో విప్పిన స్టీలు ఫ్రేము వాడారు. ఇంకో భవనం నుంచి తెచ్చిన ఇనుప మెట్లు ఉన్నాయి, కొత్త అంతస్తుల ఎత్తును ఆ మెట్లే నిర్ణయించాయి. మామూలుగా మేం గీసి సరుకు వెతుకుతాం, వాళ్లు సరుకు దొరికాక గీశారు. ఆర్కిటెక్టుగా నాకు ఇది పూర్తిగా కొత్త అలవాటు, నేర్చుకోవాలని గట్టిగా ఉంది.

క్లయింటు పూర్తిగా ఒప్పుకోలేదు. ముందు రెండు బ్లాకులు ఉంచి, వెనక బ్లాకు మాత్రం తీయడానికి మొగ్గుతున్నారు. టెండరులో "కూల్చివేతకు ముందు ఆడిట్ చేసి, విప్పదగిన వస్తువుల జాబితా ఇవ్వాలి" అని క్లాజు రాస్తున్నాను. ఇంకేం చేర్చాలి?

పాతఇనుము:
ఆ క్లాజును టెండరులో పెట్టకండి, టెండరుకు ముందు పెట్టండి. పని దక్కాక ఆడిట్ చేయమంటే అప్పటికే మెషీన్ రోజుల లెక్కన కొటేషన్ ఇచ్చేసి ఉంటాం. జాబితా చేతిలో ఉండి కొటేషన్ అడిగితే, కొనేవాళ్లతో మాట్లాడుకుని వస్తాం. యూరోపియన్ కమిషన్ 2018లో ఇచ్చిన ఆడిట్ మార్గదర్శకాలు కూడా ఈ వరుసే చెప్తాయి. విప్పే పనికి విడిగా రోజులు, విప్పినవి పెట్టుకోవడానికి సైట్లోనే చోటు, వానకు తడవకుండా కప్పు, ఇవి రాయండి. వెనక బ్లాకు తీస్తున్నారు కాబట్టి ఆ చోటు ముందు బ్లాకు కింది అంతస్తులో దొరుకుతుంది.

నిట్టాడు:
శ్లాబులు పోస్ట్ టెన్షన్ (లోపలి కేబుళ్లను గట్టిగా లాగి బిగించిన) పద్ధతివేమో పాత డ్రాయింగుల్లో తప్పకుండా చూడండి. కేబుళ్లు ఎక్కడున్నాయో తెలియకుండా ఎవరినీ కోయనివ్వకండి, తెగిన కేబులు ప్రాణం తీస్తుంది. స్టీలు బీములుంటే గ్రేడు, సంవత్సరం ఉన్న షీట్లు నాకు పంపండి, గుంపులు ఎలా కట్టాలో చెబుతాను.

గీతలు:
డ్రాయింగులు కొన్ని దొరికాయి, శ్లాబులు మామూలు ఆర్‌సీసీ. పైరెండు అంతస్తులు స్టీలు ఫ్రేము, కీళ్ల వివరాల షీటు మాత్రం లేదు. వచ్చే వారం ఆడిట్‌కు మనుషులు వస్తున్నారు.

నిట్టాడు:
అయితే వాళ్లు రాకముందే పైరెండు అంతస్తుల్లో కాలమ్ పక్కన ఫాల్స్ సీలింగ్ మూడు నాలుగు చోట్ల తెరిపించండి. మూలలో ఒకటి, మధ్యలో ఒకటి, మెట్ల పక్కన ఒకటి తప్పనిసరి. ఫైర్ కోటింగ్ కూడా కొద్దిగా గీకించాలి, పాతది కాబట్టి ఆస్బెస్టాస్ పరీక్ష అయ్యాకే ముట్టుకోమనండి. అప్పుడు బోల్టా వెల్డా అన్నది తేలిపోతుంది, మిగతాది దాన్ని బట్టి లెక్కేద్దాం.